నీటిలోని విషలోహములను రంగుచే కనిపెట్టుట

నీరు తేటగా నున్నది, రుచియు బాగున్నది, కావున మంచిదే యని రైతులు తలచుట సహజము. కాని సీసము, పాదరసము, కాడ్మియము నీటిలో కరగియున్నపుడు కంటికి గాని నాలుకకు గాని తెలియవు. లీటరు త్రాగునీటిలో సీసము మిల్లీగ్రాములో నూఱవవంతు మించరాదని 2012వ సంవత్సరపు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. పసిబిడ్డల మెదడునకు సీసము మిక్కిలి చెఱుపు.

ఈ సంగతి మనకు దూరమైనది కాదు. మూసీనది హైదరాబాదు నగరపు మురుగును, కర్మాగారముల వ్యర్థములను మోసికొని సూర్యాపేట ప్రాంతమునకు వచ్చి, మిర్యాలగూడ దిగువన వాడపల్లియొద్ద కృష్ణలో కలియుచున్నది. ఆ నీటితో వరి పండించువారు మన సభ్యులలో పెక్కురు కలరు.

ఇట్టి లోహములను పట్టుటకు శాస్త్రజ్ఞులు సన్నని రంధ్రములతో నిండిన పొడులను చేయుచున్నారు. మన యిసుకలో నుండు సిలికాయే వానికి మూలము. అమెరికాలోని మొబిల్ సంస్థవారు 1992లో ప్రకటించిన అట్టి పొడి యొక గ్రాములోని రంధ్రముల గోడలన్నియు విప్పి పఱచినచో సుమారు 10 గుంటల నేల యగును! ఆ గోడలకు రంగుమందు పట్టింతురు. డైథిజోన్ అను మందు ఆకుపచ్చనిది. సీసము సోకినచో ఎఱ్ఱబాఱును. చాల నీటిని చిటికెడు పొడిగుండ వడియగట్టినపుడు చెదరియున్న లోహము ఒకచోట చేరును గనుక రంగు స్పష్టముగా కానవచ్చును.

అయినను రంగును చూచి తొందరపడరాదు. కోదాడ చెంత నొక బావినీటిని మేము ఈ మందు పూసిన కాగితముతో పరీక్షింపగా రంగు మాఱెను. ఇంటివారు బావి మూయుటకే సిద్ధపడిరి. విచారింపగా, ఆ నీరు రాత్రియంతయు ఇత్తడి బిందెలో నిలిచినదని తేలినది. గాజుసీసాతో బావినుండియే పట్టిన నీరు రంగు మార్చలేదు. ఇత్తడిలోని తుత్తునాగమునకు, రాగికి సైతము ఈ మందు రంగు మార్చును. ముందుగా అడుగకపోవుట మా తప్పే.

మఱియొక మాట. మన పల్లెలలో ఎముకలను వంచిన ఫ్లోరైడు లోహము కాదు. ఈ మందు దానిని చూపదు, దానికి వేఱు పరీక్ష కలదు. నీటిని కాచుటవలనను లోహము పోదు. నీరు ఇగిరినకొలది మఱింత చిక్కబడును.

కావున రంగు మాఱినచో శుభ్రమైన సీసాను ఆ నీటితోనే రెండుమూడు మాఱులు తొలిచి, నింపి, బావి పేరును తేదీని వ్రాసి ప్రయోగశాలకు పంపవలెను. జవాబు వచ్చువఱకు బిడ్డలకు వేఱొక బావినీరు త్రాగింపుడు.