సడలిన స్క్రూ దగ్గర పుట్టే నిప్పు

గీజరు వేసిన కాసేపటికి స్విచ్‌బోర్డు దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసన. ప్లగ్గు తీసి చూస్తే ఒక పిన్ను నల్లబడి ఉంటుంది, సాకెట్ చుట్టూ గోధుమరంగు మరక. అది చూసి కూడా ‘ఎంసీబీ ఉందిగా, ఏదైనా అయితే అదే పడిపోతుంది’ అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. లూజ్ కనెక్షన్ విషయంలో ఆ ధీమా పనికిరాదు.

కరెంటు వర్గాన్ని ఒక చోటి నిరోధంతో గుణిస్తే ఆ చోట పుట్టే వేడి ఎంతో తెలుస్తుంది. జేమ్స్ జౌల్ 1840ల్లో తేల్చిన సూత్రమిది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. టెర్మినల్ గట్టిగా బిగించి ఉంటే అక్కడి నిరోధం ఓమ్‌లో కొన్ని వెయ్యోవంతులే. ఒక వాట్ వేడి కూడా పుట్టదు. స్క్రూ సడలి నిరోధం అర ఓమ్‌కు చేరిందనుకోండి. గోరంత చోటులో సుమారు 36 వాట్ల వేడి పుడుతుంది. మెకానిక్ వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కన్నా ఎక్కువ! వైరు మీది మామూలు పీవీసీ తొడుగు నిత్యం తట్టుకోగలిగేది 70 డిగ్రీల సెల్సియస్ వరకే.

ఎంసీబీ పడేది కరెంటు హద్దు దాటినప్పుడు. ఇక్కడ కరెంటు పెరగదు. అదనపు నిరోధం వల్ల 8.5 ఆంపియర్లకు తగ్గుతుంది. ఎర్త్‌కు లీకేజీ లేదు కనుక, లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ కూడా కదలదు.

పైగా ఈ లోపం రోజురోజుకూ ముదురుతుంది. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, చల్లారాక సంకోచిస్తుంది; ఆ కదలికకు స్క్రూ పట్టు ఇంకా వదులవుతుంది. వేడెక్కిన రాగి మీద ఆక్సైడు పొర కట్టి నిరోధాన్ని పెంచుతుంది. నిరోధం పెరిగేకొద్దీ వేడీ పెరుగుతుంది.

అందుకే తొలి గుర్తులను మనమే పట్టుకోవాలి. గీజరు, ఏసీ, ఇస్త్రీపెట్టె వాడాక ప్లగ్గు చేతికి వేడిగా తగిలినా, లైట్లు మిణుకుమన్నా, బోర్డులోంచి చిటపట వినిపించినా మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వైరు పోగులు కొన్ని కత్తిరించి మిగిలినవే దూర్చారా, స్క్రూ రాగి మీద కాక తొడుగు మీద బిగిసిందా చూడమనండి. వేడికి సాకెట్ లోపలి స్ప్రింగు పట్టు పోతుంది, కనుక నల్లబడ్డ సాకెట్‌ను మార్చాల్సిందే. కొత్తది పెట్టేముందు వైరు కాలిన కొసను కత్తిరించి, మెరిసే రాగి కనిపించేదాకా తొడుగు తీసి బిగించమని పట్టుబట్టండి.