వరదను పోనివ్వడమూ బలమే

ఆఫీసునుంచి వచ్చిన మనిషి చెప్పులు గుమ్మం దగ్గర విడుస్తాడుగాని, ఆఫీసును విడవడు. కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నా, పైఅధికారి అన్న మాటను అన్నంతోపాటు నములుతూనే ఉంటాడు. పిల్లవాడు లెక్క అడగబోతే కసురుకుంటాడు. చారులో ఉప్పు తక్కువైందని విసుక్కుంటాడు. వెనుకటి రోజుల్లో తలుపు మూస్తే ఆఫీసు బయట ఉండిపోయేది. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నది కనుక, రాత్రి పదింటికి కూడా అది పడకగదిలోకి వస్తున్నది. ఇక ఇల్లాలు కూడా ఉద్యోగం చేస్తున్నదంటే చెప్పనక్కరలేదు. ఆమెవి రెండు ఉద్యోగాలు; ఆదివారం సెలవు ఒక్కదానికే!

ఇటువంటివారికి లోకం ఇచ్చే సలహా ఒక్కటే: “రాయిలా నిలబడాలి.” ఈ సలహా మంచిదా కాదా అని తేల్చుకోవడానికి గోదావరి సీమవారు పెద్ద పుస్తకాలు తిరగవేయనక్కరలేదు. రాజమండ్రికి నాలుగైదు మైళ్ళ దిగువన ధవళేశ్వరం ఉంది. అక్కడి ఆనకట్ట కథ చాలు.

దొరగారి సెలవు

1847లో ఆర్థర్ కాటన్ అక్కడ పని ప్రారంభించాడు. గోదావరి ఆ చోట లంకలతో కలిపి సుమారు నాలుగు మైళ్ళ వెడల్పు, నాలుగు పాయలు. వరద రోజుల్లో నదిలో పని సాగదు. నీరు తీసిన కొద్ది నెలల్లోనే ఏడాది పని జరగాలి. కొండరాయి కొట్టించాలి, సున్నం కాల్పించాలి, వేలమంది కూలీలకు పని చూపాలి, పైన మద్రాసు ప్రభుత్వానికి ఖర్చుకు జవాబు చెప్పుకోవాలి. ఈనాడు మనం ‘టెన్షన్’ అనే మాటకు ఇంతకంటె పెద్ద అర్థం ఏముంటుంది?

మరుసటి ఏడు, 1848లో, ఆయన ఆరోగ్యం చెడింది. అప్పటికి వయస్సు నలభైఅయిదు. పని ఇంకా ఎంతో మిగిలి ఉంది. పళ్ళు బిగించి, ప్రాణాలకు తెగించి అక్కడే ఉండిపోయాడా? లేదు. పని కెప్టెన్ ఆర్ అనే ఇంజనీరుకు అప్పగించి, సెలవుమీద ఆస్ట్రేలియా వెళ్ళాడు. 1850లో తిరిగివచ్చి మళ్ళీ పనిలో దిగాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

ఆయన లేనప్పుడు కూడా పని సాగింది చూడండి, అదీ గమనించవలసిన సంగతి. ఆర్ ఉన్నాడు. కూలీలను కూడగట్టి పని చేయించిన వీణెం వీరన్న వంటి మనవారున్నారు. “నేనొక్కరోజు వెళ్ళకపోతే మా ఆఫీసు నడవదు” అని గొప్పగా చెప్పుకునేవారిని మనం ఎరుగుదుం. అది ఆ మనిషి గొప్ప కాదు; ఆ పని ఏర్పాటులో లోటు. తన పని మరొకరికి నేర్పి ఉంచుకున్నవాడే అవసరమైనప్పుడు నిశ్చింతగా పడుకోగలడు. సెలవు పెట్టినందుకు కాటన్ దొరను ఎవరూ చేతకానివాడనలేదు. డెల్టాలో ఎన్నో ఊళ్ళలో ఆయన విగ్రహాలున్నాయి. 1899లో పోయేనాటికి ఆయనకు తొంభైఆరేళ్ళు.

“బాగానే ఉందండీ, రెండేళ్ళ సెలవు మాకెవరిస్తారు?” అంటారు మీరు. న్యాయమైన ప్రశ్నే. రాళ్ళు మోసిన కూలీలకు ఆనాడూ అటువంటి సెలవు లేదు. అందుచేత దొరను విడిచిపెట్టి, ఆనకట్టనే అడుగుదాం.

ఇసుకమీద నిలిచిన గోడ

ఆ ఆనకట్టకు అడుగున రాతినేల లేదు, ఉన్నది ఇసుక. ఇసుకమీద కట్టడం నిలపడం ఎలాగో కాటన్ కావేరిమీది చోళులనాటి కల్లణై చూసి నేర్చుకున్నాడు. గోదావరి వరదను ఆపాలని ఆయన అనుకోలేదు. నీరు తక్కువగా ఉన్న రోజుల్లో దాన్ని కొంచెం ఎత్తుకు లేపి కాలవల్లోకి మళ్ళించడమే ఆనకట్ట పని. ఎర్రనీరు వచ్చిందా, నది గోడమీదుగా పొర్లిపోయేది. దిగువన పేర్చిన రాళ్ళు దూకే నీటి విసురును తగ్గించేవి. ఎగువన మేటవేసే ఇసుకను కొట్టివేయడానికి అడుగున తూములుండేవి. ఎదురు నిలిచి వరదనంతా ఆపబోతే ఆ గోడ ఎన్నాళ్ళుండేది? పోనిచ్చింది కనుకనే నూరేళ్ళు దాటి పనిచేసి, 1980లలో కొత్త బ్యారేజికి చోటిచ్చింది.

మన సంసారాలకు ఇందులో మూడు సంగతులున్నాయి.

మొదటిది, అంతా ఆపనక్కరలేదు. వచ్చిన పనిలో ఈరోజు కావలసినదేదో విడదీసుకోవాలి. రెండు పనులు ఒకేసారి మీదపడితే, “ఏది ముందు కావాలండీ?” అని పైవారినే అడగడం అమర్యాద కాదు. విసురుగా అన్న మాటల్లో పనికి సంబంధించిన ముక్క తీసుకుని, తక్కినది మీదుగా పోనివ్వాలి.

రెండవది, ఆఫీసుకూ ఇంటికీ నడుమ కొన్ని రాళ్ళు పేర్చుకోవాలి. కాలవగట్టుమీద పావుగంట నడక కావచ్చు, ఇంటికి రాగానే స్నానం కావచ్చు, రాత్రి ఫోను వేరే గదిలో పెట్టడం కావచ్చు. ఆఫీసు విసురు సరాసరి పిల్లలమీద పడకుండా ఉండాలి, అంతే.

మూడవది, తూములు తెరుస్తూ ఉండాలి. మేట ఒక్కరోజున పడదు. రోజూ పిడికెడు చొప్పున పడుతుంది. మనసులోది భార్యతోనో భర్తతోనో, అన్నయ్యతోనో స్నేహితునితోనో చెప్పుకోవాలి. వినేవారు వెంటనే సలహా ఇవ్వనక్కరలేదు, వింటే చాలు.

తప్పు గోడదేనా?

ఎడతెగని పని ఒత్తిడి వల్ల మనిషి కాలిన వత్తిలా అయిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన పట్టికలో చేర్చింది. దాన్ని జబ్బు అనలేదు. ఉద్యోగంనుంచి పుట్టే స్థితి అన్నది. ఒంట్లో సత్తువ లేకపోవడం, పనంటే వెగటు, చేసే పనిలో పట్టు తప్పడం దాని గుర్తులు. కనుక ఇద్దరి పని ఒక్కరిచేత చేయించే చోట, ఆ ఒక్కరికీ ధైర్యం బోధిస్తే సరిపోదు. రెండవ మనిషిని వేయడం యజమాని విధి. ఆ మాట గట్టిగా, మర్యాదగా అడగవలసిందే.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకుమీద విరక్తి మాటలు వినిపించినా ఇంట్లోవారు ఆలస్యం చేయరాదు. డాక్టరుకు చూపించాలి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్‌కు 14416 నెంబరుమీద డబ్బులేమీ లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని ధవళేశ్వరం వెళ్ళి లాకుల దగ్గర కాసేపు నిలబడి చూడండి. నది అంతా కాలవలోకి రాదు. వచ్చిన ఆ కొంచెంతోనే డెల్టా అంతా పండుతున్నది.