పంక్తి చివర కనబడని గుఱుతు

శంషాబాదు విమానాశ్రయమునకు సమీపమున మా గ్రామము. కొన్ని మాసముల క్రిందట మా పెద్దలు కొందఱు నాయొద్దకు రెండు జాబితాలు తెచ్చిరి. ఒకటి వృద్ధాప్యపు పింఛనునకు అర్జీ పెట్టినవారిది. అది మా కంప్యూటరుమీద వ్రాసికొన్నదే. రెండవది మంజూరైనవారిది, ఒక కచేరీనుండి వచ్చినది. రెండింటను ప్రతి పంక్తియందు మొదట పేరు, చివర బ్యాంకు ఖాతా సంఖ్య. ఎవరి పేరు తప్పిపోయినదో తేల్చుమనిరి. కూర్చుండి చదివిన పూటపని. నేను గర్వముతో కంప్యూటరునకు నాలుగు పంక్తుల ఆజ్ఞాపత్రము వ్రాసి యిచ్చితిని. అది ఱెప్పపాటులో చెప్పిన తీర్పేమనగా, అర్జీదారులలో ఒక్కరికిని మంజూరు కాలేదని.

"నాది గూడ తీసేసిండ్రా బిడ్డా?" అని ఒక వృద్ధురాలు అడిగినది. ఆమెకు క్రిందటి నెల సొమ్ము అందియే యున్నది. కావున తప్పు కచేరీది కాదు, నాయొద్దనే యున్నదని గ్రహించితిని.

తెరపై రెండు జాబితాలును ఒక్క తీరుననే కనబడుచున్నవి. తుదకు అక్షరములు లెక్కించుమని యంత్రమునే అడిగితిని. మా జాబితాలో ఆమె ఖాతా సంఖ్యకు 11 అంకెలు. రెండవదానిలో 12 అని చెప్పినది. ఆ పండ్రెండవది కంటికి ఆనదు.

రిజిస్ట్రారు కచేరీయెదుట దస్తావేజులు కొట్టు టైపు మిషనును మీరు చూచియుందురు. పంక్తి ముగియగానే పిడిని త్రోసిన రెండు పనులు జరుగును: కాగితము ఒక వరుస పైకి జరుగును, బండి మొదటికి వచ్చును. తంతిమీద దూరపు ఊరిలో అచ్చుకొట్టు టెలిప్రింటరునకు పిడి త్రోయుటకు మనిషి లేడు. కావున ఆ రెండు పనులకును రెండు వేర్వేఱు గుఱుతులు తంతిపైననే పంపవలసివచ్చెను. డొనాల్డు మరే 1901 ప్రాంతమున తన సంకేతావళిలో వానిని చేర్చెను. 'మొదటికి' అనునది మాత్రమే పంపిన, కొట్టిన పంక్తిమీదనే మఱల అచ్చుపడును. 'క్రిందికి' అనునది మాత్రమే పంపిన, వ్రాత మెట్లవలె కుడివైపునకు దిగుచుపోవును. 1963లో ఏర్పడిన ఆస్కీ సంకేతములలో వీనికి 13, 10 అను సంఖ్యలు కలిగినవి.

ఇక మా పొరుగు సంగతి. 2008 మార్చిలో బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు శంషాబాదునకు మాఱినవి. ఇచటి గాలి, మబ్బు, వేడిమి తెలుపు వార్త అరగంట కొకసారి వి-ఓ-హెచ్-ఎస్ అను సంకేతనామముతో వెలువడును. అట్టి విమానవార్తలకై లోకమంతట ఏర్పఱచిన పాత తంతి నియమములలో, పంక్తి ముగిసినపుడు 'మొదటికి' అని రెండు పర్యాయములు, 'క్రిందికి' అని ఒక పర్యాయము పంపవలెనని కలదు. రెండు పర్యాయము లేల? బండి ఆ కొననుండి ఈ కొనకు వచ్చుటకు కొంత సమయము పట్టును. ఆలోపల వచ్చిన అక్షరము దారిలోనే అచ్చుపడును. ఆ రెండవ గుఱుతు ఊరక కాలయాపనకే! బండ్లు పోయినవి; గుఱుతులు నిలిచినవి.

కంప్యూటరులు వచ్చిన పిమ్మట యునిక్సు, దాని దారి ననుసరించిన లినక్సు, 10వ గుఱుతొక్కటి చాలుననుకొన్నవి. డాసు, విండోసు రెండింటిని నిలుపుకొన్నవి. మాకింటాషు 2001కి పూర్వము 13తోనే సరిపెట్టుకొన్నది. మా యంత్రము లినక్సు, కచేరీది విండోసు. వారి 13వ గుఱుతు మా యంత్రమునకు ఖాతా సంఖ్యలోని భాగముగా తోచినది.

మందు చిన్నదే. పరాయి ప్రతి లోనికి వచ్చునపుడే పంక్తి చివర 10కి ముందున్న 13ను తీసివేయుమని ఆజ్ఞాపత్రము మొదట వ్రాసితిని. డాస్‌టుయునిక్స్ అను సాధనము ఈ పనియే చేయును. పైథాను భాష సాధారణముగా మూడు విధములను ఒక్కటిగనే చదువును. కాని కనబడిన 13నెల్ల తుడిచివేయరాదు. పాత మాకింటాషు ప్రతియైనచో జాబితా అంతయు ఒకే పంక్తియగును; అచట 13ను 10గా మార్చవలెను. విండోసువారికి తిరిగి పంపునపుడు రెండు గుఱుతులును పెట్టుట మర్యాద. వారి నోట్‌పాడు 2018 వఱకు ఒంటరి 10ని పంక్తి ముగింపుగా గుర్తింపనే లేదు.

సరిచేసిన పిమ్మట ఇద్దఱి పేర్లు మాత్రము నిజముగా లేవని తేలినది. ఆ యిద్దఱికి మఱునాడే అర్జీలు వ్రాసి యిచ్చితిమి. వృద్ధురాలికి ఆమె పేరున్న పంక్తిని తెరపై చూపితిని. ఆమె దానిని వ్రేలితో తాకి, చివరి అంకె తరువాత నేమున్నదో యని చాలసేపు పరికించినది.