హోటల్ పట్టికలో కేలరీల లెక్క ఉండవలెనా?

విజయవాడ నుండి గుంటూరుకు పోవు రహదారిపై, మంగళగిరి వద్ద ఒక సాయంకాలం నిలిచి చూచినచో మన ఆహారపు అలవాట్లు ఎంతగా మారినవో తెలియును. ఒకప్పుడు హోటల్ భోజనం ప్రయాణికులకు, ఒంటరిగా ఉండి ఉద్యోగం చేసికొనువారికి మాత్రమే. నేడు ఉదయం పిల్లల కొరకు ఇడ్లీ పార్సిలు, మధ్యాహ్నం కర్రీ పాయింట్ నుండి రెండు కూరలు, సెలవు దినాన కుటుంబమంతా కలిసి బిర్యానీ. మధ్యతరగతి గృహాలలో ఇది సామాన్య విషయమైపోయినది. దీనిని తప్పు పట్టుట నా ఉద్దేశం కాదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోవు ఇంట వంటకు వేళ చాలకపోవుట సహజమే.

అయితే వైద్యునిగా నాకు నిత్యం ఎదురగు చిక్కు ఒకటి కలదు. మధుమేహమో, రక్తపోటో, స్థూలకాయమో ఉన్నవారిని "ఏమి తినుచున్నారు?" అని అడిగినచో, ఇంటి వంట గురించి గృహిణి చెంచాల లెక్కతో సహా చెప్పగలదు. బయట తిన్నదాని గురించి అడిగినప్పుడు మాత్రం "రెండు ఇడ్లీలేనండి", "ఒక్క అట్టేనండి" అన్న సమాధానమే వచ్చును. ఆ అట్టు ఎంత పెద్దది, దాని చుట్టూ ఎంత నూనె పోసినారు అన్నది తిన్నవారికీ తెలియదు, నాకూ తెలియదు. మందును కొలిచి ఇచ్చి, ఆహారాన్ని ఊహకు వదలివేసినచో చికిత్స ఎట్లు ఫలించును? భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైబడియున్నారు. కావున హోటల్ పట్టికలో వంటకం పేరు, ధరలతో పాటు కేలరీలు కూడ వ్రాయవలెనా అన్నది ఎక్కడో మహానగరాల వారి వినోదపు చర్చ కాదు. ఇది మన ఇంటి ప్రశ్న.

చట్టం ఏమి చెప్పుచున్నది?

ఈ విషయమై మన దేశంలో నియమం లేకపోలేదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో ఆహార పదార్థాల లేబుళ్లకు, వివరాల ప్రదర్శనకు సంబంధించిన నిబంధనలను ప్రకటించినది. కేంద్ర లైసెన్సు కలిగిన హోటళ్లు, పది లేక అంతకుమించిన చోట్ల శాఖలున్న హోటళ్లు ప్రతి వంటకానికి ఎదురుగా ఒక వడ్డనకు ఎన్ని కిలోకేలరీలో, ఆ వడ్డన పరిమాణం ఎంతో మెనూ కార్డుపైన గాని, బోర్డుపైన గాని తెలుపవలెనని అందులో గలదు. చురుకుగా పనిచేయు సగటు పెద్దవానికి రోజుకు 2,000 కిలోకేలరీలు అవసరమనియు, ఈ అవసరం మనిషిని బట్టి మారవచ్చుననియు కూడ వ్రాయవలెను. ఈ నియమం 2022లో అమలులోనికి వచ్చినది.

పేరుపొందిన పెద్ద సంస్థల పిజ్జా దుకాణాలు, కాఫీ దుకాణాలు ఈ నియమం పరిధిలోనికి వచ్చినవి. కాని మన ఊరి టిఫిన్ హోటలు, మెస్సు, కర్రీ పాయింట్, పునుగుల బండి దీని వెలుపలనే ఉన్నవి. మంగళగిరిలో గాని, బెజవాడలో గాని సామాన్య కుటుంబం వారంలో ఎన్నిసార్లు పిజ్జా తినును, ఎన్నిసార్లు అట్టు తినును అని ఆలోచించినచో, మనం ఎక్కువగా తిను చోటనే మనకు లెక్క తక్కువగా తెలియుచున్నదని బోధపడును.

కేలరీ, మాత్ర

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించుటకు కావలసిన వేడిని ఒక కిలోకేలరీ అందురు. వాడుకలో దీనినే కేలరీ అనుచున్నాము. ఒక గ్రాము పిండిపదార్థం గాని, మాంసకృత్తు గాని శరీరానికి సుమారు 4 కేలరీలనిచ్చును. ఒక గ్రాము కొవ్వు 9 కేలరీలనిచ్చును. బియ్యపు పిండి రొట్టెకు, నూనెలో వేగిన గారెకు గల తేడా యావత్తు ఈ రెండు అంకెలలోనే ఉన్నది.

కేలరీ అన్న మాట పాశ్చాత్యమే గాని, ఆహారానికి కొలత ఉండవలెనన్న భావం మనకు క్రొత్త కాదు. చరక సంహిత సూత్రస్థానంలో మాత్రాశితీయ అధ్యాయం ఆహారపు మోతాదును గురించినదే. మాత్ర అనగా పరిమాణం. అది అందరికీ ఒకటి కాదు, తినువాని జఠరాగ్నిని బట్టి ఉండునని చరకుడు చెప్పెను. గురు పదార్థాలను, అనగా నూనెతో, పిండితో, తీపితో కూడి ఆలస్యంగా జీర్ణమగు వాటిని తృప్తిలో సగం గాని, ఇంకను తక్కువ గాని తినవలెననియు, లఘు పదార్థాలను సైతం అతిగా తినరాదనియు నిర్దేశించెను. కడుపులో రెండు పాళ్లు ఘనాహారం, ఒక పాలు ద్రవం, మిగిలిన పాలు వాయు సంచారానికి ఖాళీ అని వాగ్భటుడు విభజించెను.

మన కొండమీద పానకాల నరసింహస్వామి సంప్రదాయం కూడ ఇక్కడ స్మరణీయం. భక్తుడు ఎంత పానకం తెచ్చినను స్వామి సగం స్వీకరించి, సగం ప్రసాదంగా తిరిగి ఇచ్చునని మనవారి విశ్వాసం. భక్తి దృష్టితో చూచువారికి అది మహిమ. వైద్య దృష్టితో చూచు నాకు అందులో మితాహారానికి చక్కని గుర్తు కనిపించును.

ఒక పెసరట్టు లెక్క

హోటల్ బోర్డుపై అంకె లేనిదే మనకు తెలియనిది ఎంతో ఒక ఉదాహరణతో చూతము. ఇంట తక్కెడ పెట్టి నేను కొలిచిన లెక్క ఇది. ఒక పెద్ద పెసరట్టుకు 50 గ్రాముల పెసలు పట్టినవి. అందుండి సుమారు 165 కేలరీలు. లోపల పెట్టు ఉప్మాకు 40 గ్రాముల రవ్వ, అందుండి 140. అట్టుకు ఒక చెంచా, ఉప్మాకు ఒక చెంచా నూనె వాడినచో, చెంచాకు 5 గ్రాముల వంతున 90. మొత్తం 395 కేలరీలు. పచ్చళ్లను ఇందు చేర్చలేదు.

ఇదే అట్టుకు రెండు చెంచాలు, ఉప్మాకు రెండు చెంచాలు నూనె పోసినచో మొత్తం 485 అగును. మూడేసి చెంచాలు పోసినచో 575. పెసలు మారలేదు, రవ్వ మారలేదు, ఆకలి తీరుటలోనూ భేదం లేదు. పెనంపై వంటవాని చేయి తిరిగిన తీరులోనే 180 కేలరీల తేడా వచ్చినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో 2,000 కేలరీల నమూనా పళ్లెం ఒకటి కలదు. అందులో రోజంతటికీ కొవ్వులు, నూనెలు కలిపి ఇచ్చినది 27 గ్రాములు మాత్రమే. ఆరు చెంచాల పెసరట్టు ఉప్మాతో ఉదయం పలహారంలోనే ఆ వంతు దాటిపోవును.

హోటల్ వారి అభ్యంతరాలు

హోటల్ నడుపువారు చెప్పు మాటలలోనూ న్యాయమున్నది. మొదటిది, ప్రతి వంటకాన్ని ప్రయోగశాలకు పంపు స్తోమత చిన్న హోటళ్లకు లేదు. రెండవది, వంటవాని చేతివాటం రోజుకొక తీరుగా ఉండును. మూడవది, మన భోజన హోటళ్లలో అన్నం, పప్పు, సాంబారు అడిగినంత వడ్డింతురు. ఎంత తినునో తెలియని భోజనానికి ఎన్ని కేలరీలని వ్రాయవలెను?

మొదటి దానికి సమాధానం సులభం. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలలో బియ్యం, పప్పులు, కూరగాయలు మొదలగు వందలాది పదార్థాల వివరాలున్నవి. దినుసులను ఒక్కసారి తూచి, ఆ పట్టికలతో లెక్క కట్టినచో సుమారైన అంకె వచ్చును. పైన నేను చేసినదీ ఇంతే. రెండవ అభ్యంతరానికి గరిటెకు బదులు కొలత చెంచా వాడుటయే విరుగుడు. అందువలన హోటల్ వారికి నూనె ఖర్చు కూడ అదుపులో ఉండును.

మూడవ అభ్యంతరమే గట్టిది. అయితే అక్కడ కూడ పళ్లెం మొత్తానికి గాక, ఒక వడ్డనకు లెక్క చెప్పవచ్చును. 50 గ్రాముల బియ్యంతో వండిన అన్నం సుమారు 175 కేలరీలనియు, ఒక చెంచా నెయ్యి 45 కేలరీలనియు గోడపై వ్రాసియున్నచో, మారు వడ్డన అడుగవలెనా వద్దా అన్నది తినువాడే తేల్చుకొనును.

ఇతర దేశాల అనుభవం

న్యూయార్క్ నగరం 2008లోనే గొలుసు హోటళ్లలో కేలరీల ప్రదర్శనను అమలు చేసినది. అమెరికా దేశమంతటా ఇరవై లేక అంతకుమించి శాఖలున్న సంస్థలకు 2018 మే నుండి, ఇంగ్లండులో 250 లేక అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలకు 2022 ఏప్రిల్ నుండి ఇది విధిగా అమలైనది. ఫలితం ఎట్లున్నది? 25 అధ్యయనాలను పరిశీలించి కాక్రేన్ సంస్థ 2025లో ప్రకటించిన సమీక్షను బట్టి, అంకె చూచినవారు సగటున 1.8 శాతం తక్కువ కేలరీలను ఎంచుకొనిరి. అనగా 600 కేలరీల భోజనంలో తగ్గినది 11 మాత్రమే. పావు చెంచా నూనె పాటి లాభం! అయితే అమెరికాలో నియమం వచ్చిన పిమ్మట గొలుసు హోటళ్లు క్రొత్తగా ప్రవేశపెట్టిన వంటకాలలో కేలరీలు మునుపటి క్రొత్త వంటకాలకన్న తక్కువగా ఉన్నట్లు 2021లో వెలువడిన మరియొక అధ్యయనం తెలిపినది. తినువానికన్న ముందుగా వండువాడు మారవచ్చునన్నమాట.

అంకె చెప్పలేని విషయాలు

కేలరీల అంకెను చూచి మోసపోవు ప్రమాదం కూడ కలదు. 30 గ్రాముల బెల్లంతో చేసిన గ్లాసు పానకం, 250 మిల్లీలీటర్ల తీపి కూల్‌డ్రింకు, 20 గ్రాముల వేయించిన వేరుసెనగ పప్పు, ఈ మూడింటి కేలరీలు ఇంచుమించు ఒకటే: 110కి అటూ ఇటూ. అంకె ఒకటైనంత మాత్రాన గుణం ఒకటగునా? వేరుసెనగలో మాంసకృత్తులు, పీచు కలవు. పానకంలో మిరియం, శొంఠి, యాలకులు ఉండి వేసవిలో బడలికను తీర్చును. కూల్‌డ్రింకులో చక్కెర తప్ప చెప్పుకొనదగినది లేదు. అట్లని బెల్లం మధుమేహ రోగికి మేలు చేయుననుకొనుట పొరపాటు. రక్తంలో చక్కెరను పెంచుటలో బెల్లానికి, పంచదారకు పెద్ద భేదం లేదు.

బోర్డుపై వ్రాయు 2,000 అన్న అంకె కూడ అందరిదీ కాదు. కూర్చుండి పనిచేయు పురుషునికి 2,110, స్త్రీకి 1,660 కేలరీలు అవసరమని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాలు తెలుపుచున్నవి. కఠిన శ్రమ చేయు పురుషునికి 3,470 అవసరం. మన ఊరిలో రోజంతా గుంటమగ్గంపై కాళ్లూ చేతులూ ఆడించు నేతపనివానికి, కంప్యూటరు ముందు కూర్చుండు అతని కుమారునికి ఒకే పళ్లెం తగదు. చరకుడు చెప్పిన మాత్రాభేదం ఇదియే.

నా అభిప్రాయం

ఈ విషయాలన్నిటినీ తూచి చూచిన పిమ్మట, హోటళ్లలో కేలరీల లెక్క ఉండవలసినదే అని నేను భావించుచున్నాను. అయితే మన చిన్న హోటళ్లలో కేలరీలకన్న ముందు కొలత రావలెను. అట్టుకు ఎన్ని గ్రాముల పిండి, ఎన్ని చెంచాల నూనె, గిన్నె కూర బరువెంత అన్నది తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాయవలెను. కొలత లేని కేలరీ అంకె ఊహ మాత్రమే. కొలత ఉన్నచోట అంకె తనంత తానే వచ్చును. ఇడ్లీ, అట్టు, పూరీ వంటి లెక్కకు లొంగు పలహారాలతో ఆరంభించి, సగం ప్లేటును సగం ధరకు ఇచ్చు ఏర్పాటు చేసినచో పేదకు, వృద్ధునికి, రోగికి కూడ మేలు. చిన్న హోటళ్లను జరిమానాలతో బెదరించుట కన్న, మన ఆంధ్ర వంటకాలకు ఒక ఉమ్మడి పట్టికను ప్రభుత్వమే తయారుచేసి ఉచితంగా పంచుట మంచిది.

గృహస్థులకు సూచనలు

1. అట్టు చెప్పునప్పుడే "నూనె ఒక్క చెంచా చాలు" అని చెప్పుడు. అడుగుటకు మొగమాటం వలదు.

2. కర్రీ పాయింట్ కూరపై నూనె తేలినచో, దానిని చెంచాతో తీసివేసి వడ్డించుడు. తీసిన ప్రతి చెంచాకు 45 కేలరీలు తగ్గును.

3. ఉప్మా పెసరట్టుకు బదులు సాదా పెసరట్టు తినుడు. పైన చెప్పిన కొలతతో అది 210 కేలరీలు మాత్రమే.

4. భోజనానంతరం కూల్‌డ్రింకు వలదు. వెన్న తీసిన పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు శొంఠి కలిపి త్రాగుడు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు వేయరాదు.

5. బయట బరువుగా తిన్న రోజున తిరిగి ఆకలి అగుదాక ఏమియు తినక, పిదప పలుచని జావతో సరిపెట్టుకొనుడు. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు మాత్రం వైద్యుని అడుగక భోజనం మానరాదు.

6. భోజనం కాగానే పడుకొనక నూరడుగులు నెమ్మదిగా నడచుట పెద్దలు చెప్పిన మంచి అలవాటు.

7. ఎదిగే పిల్లల ముందు, గర్భిణుల ముందు కేలరీలు లెక్కించి భయపెట్టరాదు. వారికి కావలసినది పుష్టికరమైన ఆహారం, ప్రశాంతమైన మనస్సు.

పళ్లెంలో ఏమున్నదో తెలిసికొను హక్కు డబ్బు చెల్లించి తినువానికి ఉన్నది. ఈసారి హోటల్‌కు పోయినప్పుడు ధర అడిగినట్లే కొలత కూడ అడుగుడు. పదిమంది అడిగినచో పదకొండవ వానికి అడుగవలసిన పని లేకుండ అది గోడమీదికి ఎక్కును.