థేమ్సు ఒడ్డున ఒక పానశాల

పానశాలను గూర్చి తెలుగు పంతులు వ్రాయుటేమని పాఠకులు నవ్వుకొనవచ్చును. ఆంగ్లదేశమున ‘పబ్బు’ అనునది కేవలము త్రాగుడుచోటు కాదు. మన యూళ్ల రచ్చబండకును కల్లుపాకకును నడిమి వస్తువు. లండను తూర్పుభాగమున, లైమ్‌హౌస్ పేటలో, నదిని ఆనుకొని నిలిచిన ‘గ్రేప్స్’ అట్టిది. నేను దానిని చూచినది పుస్తకములోనే.

లైమ్‌హౌస్ అను పేరు సున్నపుబట్టీల వలన వచ్చినది. ఇప్పటి కట్టడము 1720 ప్రాంతము నాటిది. ముందు ఇరుకు వీధి, వెనుక నీటి పైకి చొచ్చిన వసారా. పడవవాండ్రును రేవుకూలీలును దీనిని పోషించిరి. ఆ పేటలోనే 1857లో ఆసియా, ఆఫ్రికా నావికులకై ఆశ్రయగృహమొకటి వెలసినది. మన దేశపు లస్కర్లును అందు తలదాచుకొనిరి.

డికెన్సు 1864–65లో భాగములుగా వెలువరించిన ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’ నవలలో ‘సిక్స్ జాలీ ఫెలోషిప్ పోర్టర్స్’ అను పానశాల కలదు. దానికి మూలము గ్రేప్స్ అని పలువురి మతము. ఆ పేరు వట్టి చమత్కారము కాదు. ధాన్యము, ఉప్పు, బొగ్గు మోయు కూలీల సంఘమొకటి ఫెలోషిప్ పోర్టర్స్ అను పేర లండనులో నిజముగనే యుండెడిది.

నవలలో ఆ యింటి యజమానురాలు ఆబీ పాటర్సన్. ఆమె మాటకు ఎంతటి మొరటువాడును ఎదురాడడు. నదిలో తేలు శవముల జేబులు తడిమి బ్రతుకు హెక్సాముపై రైడర్‌హుడ్ నింద మోపును. దోషి యెవరో తేల్చుకొనలేక ఆమె ఇరువురిని గడప త్రొక్కవలదనును. హెక్సాము కూతురు లిజీని మాత్రము పిలిచి, తండ్రిని విడిచి రమ్మనును. తండ్రిని ఇంటింట వెలివేయునప్పుడు తానును విడుచుటా? లిజీ ఒప్పుకొనదు. ఆబీ మీద నాకు కోపము రాదు. ఇల్లు నడుపువారికి అంతకంటె గతి లేదు. కాని పుస్తకము మూసిన పిమ్మట వెంట వచ్చునది లిజీయే.

సమీపమున 1802లో తెరచిన వెస్టిండియా రేవులు 1980లో మూతపడినవి. ఓడలు పోయినవి, కూలీలు పోయిరి, ఆకాశమంటు మేడలు లేచినవి. ఈ యిరుకు ఇల్లు మిగిలినది. 2011లో నటుడు ఇయన్ మెకెలెన్ దీని యజమానులలో నొకడయ్యెను. డికెన్సు పేరు లేకున్న, అంతదూరమున నున్న నావంటివారికి దీని ఊసు తెలిసియుండునా? లిజీ పడవ నడిపిన ఆ నది నేటికిని పోటు వేళ వసారా అడుగువరకు వచ్చి పోవుచున్నది.