ఆకుకూరలు – ఆక్సలేటులు

మైపాడు మొదలగు నెల్లూరు తీరగ్రామముల ఇసుకనేలలలో వాన పడినంతనే గంగపావిలి కూర అల్లుకొనును. దాని పులుపునకు గల కారణములలో ఆక్సాలిక్ ఆమ్లము ఒకటి. చుక్కకూర, పాలకూర, తోటకూరలందును ఈ ఆమ్లము, దాని లవణములైన ఆక్సలేటులు కలవు. 1776లో స్వీడను రసాయనజ్ఞుడు షీలే ఈ ఆమ్లమును చక్కెరనుండి తయారుచేసెను. కంద తరిగినపుడు చేతులు దురదపెట్టుటకు మూలము సూదులవంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికములే.

పొటాసియం, సోడియం ఆక్సలేటులు నీట కరగును. కాల్షియం ఆక్సలేటు దాదాపు కరగదు. మన ఆరోగ్యమునకు ఈ భేదమే ముఖ్యము. ప్రేగులలో ఆక్సలేటు కాల్షియముతో కలిసినచో మలముతో వెలికి పోవును. అచట కాల్షియము చాలనిచో రక్తమున చేరి, మూత్రపిండములకు పోయి, మూత్రమందలి కాల్షియముతో కూడి రాయిగా పేరుకొనగలదు. మూత్రపిండములలోని రాళ్ళలో అధికభాగము ఇట్టివే. ఎండలో పడవలపైనను, రొయ్యల గుంటలయొద్దను శ్రమించువారికి చెమటవలన మూత్రము చిక్కబడును. కనుక వారికి ముప్పు ఎక్కువ.

రాతిలో కాల్షియమున్నదని పాలు, పెరుగు మానువారిని మేము ఎరుగుదుము. అది పొరపాటు. 1993లో అమెరికాలో 45 వేలకు పైగా పురుషులను పరిశీలించిన వైద్యులు, ఆహారమున కాల్షియము హెచ్చుగా తీసికొనువారికే రాళ్ళు తక్కువగా వచ్చుట కనుగొనిరి.

కావున ఆకుకూర పప్పు తిన్న విస్తరిలోనే పెరుగన్నమును తినవలెను. రాళ్ళు వచ్చినవారు పాలకూరను తగ్గించి, తక్కిన కూరలను ఉడికించి ఆ నీటిని పారబోయుట మేలు. మూత్రము లేతరంగున వచ్చునంత నీరు త్రాగవలెను. గుండె, మూత్రపిండముల జబ్బున్నవారు మాత్రము ఎంత త్రాగవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను.