పర్యావరణ అనుమతి: ముందా, తరువాతా?

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద 2006లో వెలువడిన ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, నిర్దేశిత ప్రాజెక్టులు పనులు ప్రారంభించక ముందే అనుమతి పొందాలి. మదింపుకు, ప్రజాభిప్రాయ సేకరణకు సార్థకత ఈ ‘ముందు’లోనే ఉంది. కట్టడం పూర్తయ్యాక స్థలం మార్చమనే అవకాశం మిగలదు.

2017 నోటిఫికేషన్, 2021 కార్యాలయ ఉత్తర్వు ఉల్లంఘనదారులకు అనంతర అనుమతి మార్గం తెరిచాయి. వనశక్తి కేసులో సుప్రీంకోర్టు 2025 మే 16న వీటిని కొట్టివేసి, నవంబరు 18న 2:1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుని పునర్విచారణకు నిర్ణయించింది. కూల్చివేతలతో ప్రజాధనం వృథా అవుతుందన్నది మెజారిటీ ఆందోళన. కాలుష్యకారుడే చెల్లించాలన్న సూత్రాన్ని చూపి ముందుజాగ్రత్త సూత్రాన్ని పక్కన పెట్టరాదన్నది జస్టిస్ ఉజ్జల్ భుయాన్ అసమ్మతి.

హైదరాబాదు జంట జలాశయాలకు సంబంధించిన ఎం.వి. నాయుడు కేసులో (1999) హాని లేదని నిరూపించే భారాన్ని న్యాయస్థానం ప్రాజెక్టుదారుపైనే ఉంచింది. అనంతర అనుమతి ఆ భారాన్ని జరిమానాగా కుదిస్తుంది. పునర్విచారణలో తేలవలసిన అసలు అంశం ఇదే.